స్మార్ట్‌వాచ్: కొత్తది కొనాలా, ఉన్నదాన్నే ఉంచుకోవాలా?

స్మార్ట్‌వాచ్ మణికట్టుకు కట్టుకునే చిన్న కంప్యూటర్. టైము చూపించడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. జేబులోనో సంచిలోనో ఉన్న ఫోన్‌తో బ్లూటూత్ ద్వారా కలిసి ఉంటూ, వచ్చిన కాల్‌నూ మెసేజ్‌నూ చేతి మీదే చూపిస్తుంది. అడుగులు లెక్కపెడుతుంది, గుండె వేగం కొలుస్తుంది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో అంచనా కడుతుంది. మన దేశంలో ఇది దాదాపు 1,500 రూపాయలకూ దొరుకుతుంది, 90,000 రూపాయలకూ దొరుకుతుంది. రెండింటి అట్టపెట్టెల మీదా చేసే పనుల జాబితా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కొనేవారు తికమక పడేది అక్కడే.

ధరలో తేడాకు మొదటి కారణం లోపలి సాఫ్ట్‌వేర్. ఆపిల్ వాచ్‌లో వాచ్‌ఓఎస్, శాంసంగ్ గెలాక్సీ వాచ్‌లోనూ గూగుల్ పిక్సెల్ వాచ్‌లోనూ వేర్ ఓఎస్ నడుస్తాయి. ఇవి పూర్తిస్థాయి ఆపరేటింగ్ సిస్టమ్‌లు. కొత్త యాప్‌లు వేసుకోవచ్చు, మ్యాప్ తెరిచి దారి చూసుకోవచ్చు, మెసేజ్‌కు వాచీ నుంచే జవాబు పంపవచ్చు. ఇంత పని చేసే చిప్‌కు కరెంటు ఎక్కువే కావాలి. అందువల్ల వీటిలో చాలావాటిని రోజుకోసారో, రెండు రోజులకోసారో ఛార్జింగ్ పెట్టక తప్పదు. రెండో రకం వాచీల్లో చిన్న చిప్, తేలికపాటి సాఫ్ట్‌వేర్ ఉంటాయి. తయారుచేసిన కంపెనీ పెట్టిన పనులే అవి చేస్తాయి. బయటి యాప్‌లు వేసుకోవడం కుదరదు. బదులుగా ఒక్కసారి ఛార్జ్ చేస్తే వారం దాకా నడిచేవి చాలా ఉన్నాయి. మన మార్కెట్లో తక్కువ ధరకు అమ్ముడయ్యేవి ఎక్కువగా ఈ రకానివే. గార్మిన్, అమేజ్‌ఫిట్ వంటివి మధ్యస్థంగా నిలుస్తాయి: యాప్‌లు పరిమితం, వ్యాయామపు కొలతలు విస్తారం, బ్యాటరీ దీర్ఘం. రోజూ రాత్రి ఫోన్ పక్కన మరో పరికరానికీ ఛార్జింగ్ పెట్టే ఓపిక ఇంట్లో ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు వస్తే, చూడాల్సిన వాచీలు సగానికి తగ్గిపోతాయి.

మిగిలిన సగంలో కొన్నింటిని ఫోనే పక్కకు తప్పిస్తుంది. ఆపిల్ వాచ్ ఐఫోన్‌తోనే పనిచేస్తుంది. 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 నుంచి శాంసంగ్ వాచీలు ఐఫోన్‌తో కలవవు. పిక్సెల్ వాచ్ కూడా ఆండ్రాయిడ్ ఫోన్లకే పరిమితం. గార్మిన్, అమేజ్‌ఫిట్, మన దేశపు బ్రాండ్లలో చాలావరకు రెండు రకాల ఫోన్లతోనూ నడుస్తాయి. కాబట్టి రెండేళ్లలో ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కో, అటు నుంచి ఇటో మారే ఆలోచన ఉన్న ఇంట్లో, ఒకే కంపెనీ ఫోన్‌కు కట్టుబడిన ఖరీదైన వాచీ కొనడం తొందరపాటే అవుతుంది.

ఇంతకూ వాచీతో అవసరం ఎవరికి? చెయ్యి ఖాళీ లేనివారికి అది నిజంగా అక్కరకొస్తుంది. వంటింట్లో, ఫ్యాక్టరీలో, పొలంలో ఫోన్ బయటకు తీయలేనప్పుడు, వచ్చిన కాల్ ముఖ్యమైనదో కాదో ఒక చూపులో తెలుస్తుంది. వినికిడి లోపం ఉన్నవారికి మణికట్టు మీద కలిగే ప్రకంపన అలారానికీ పిలుపుకూ నమ్మకమైన మార్గం. రోజూ పరుగెత్తేవారికి దూరం, వేగం, గుండె స్పందన ఒకేచోట దొరుకుతాయి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు పడిపోతే గుర్తించే సదుపాయం ధైర్యాన్నిస్తుంది. ఆపిల్ 2018లో తెచ్చిన ఈ సదుపాయం, మనిషి గట్టిగా పడి సుమారు ఒక నిమిషం కదలకపోతే అత్యవసర నంబరుకు తానే ఫోన్ చేస్తుంది, ముందుగా రాసిపెట్టిన బంధువులకు కబురు పంపుతుంది. సిమ్ లేని వాచీ అయితే ఫోన్ దగ్గర్లో ఉంటేనే ఈ పని జరుగుతుంది. అమ్మానాన్నలకు కొనిచ్చే పిల్లలు చాలామంది గమనించని విషయం ఇదే. ఫోన్ హాల్లో పెట్టి పెరట్లోకి వెళ్లే అలవాటు ఉన్న తల్లికి ఏ రకం వాచీ కావాలో కొనేముందే ఆలోచించాలి.

పదో తరగతి దాటిన పిల్లలకు బహుమతిగా కొనేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. నీట్ పరీక్ష హాల్లోకి ఏ రకం వాచీనీ రానివ్వరు. ఈఏపీసెట్‌లోనూ ఎలక్ట్రానిక్ పరికరాలకు అనుమతి లేదు. టైము చూసుకుంటూ పరీక్ష రాయడం అలవాటు కావాలంటే, గోడ గడియారాన్నో తెర మీది గడియారాన్నో చూసుకునే సాధనే పిల్లలకు పనికొస్తుంది.

స్మార్ట్‌వాచ్ అమ్మకాల్లో పెద్ద మాట ఆరోగ్యం. కాబట్టి లోపల జరిగే కొలతను కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం. వాచీ వెనుక వైపు మినుకుమినుకుమనే ఆకుపచ్చ లైట్లు ఉంటాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింది సన్నని రక్తనాళాల్లో రక్తం కొద్దిగా పెరిగి, తిరిగి తగ్గుతుంది. ఆ మేరకు వెనక్కి తిరిగొచ్చే కాంతీ మారుతుంది. ఆ మార్పులను లెక్కించి వాచీ గుండె వేగం చెబుతుంది. రక్తంలో ఆక్సిజన్ కోసం ఎరుపు, పరారుణ కాంతులు వాడతారు. జపాన్‌లో తకువో అయోయాగి 1970ల తొలి సంవత్సరాల్లో రూపొందించిన పల్స్ ఆక్సిమీటర్ సూత్రం ఇదే. అయితే ఆస్పత్రిలో వేలికి తగిలించే క్లిప్పులో కాంతి వేలిని దాటి అవతలికి వెళ్తుంది. వాచీలో అది చర్మానికి తగిలి వెనక్కి రావాలి. మణికట్టు కదిలినా, వాచీ బెల్టు వదులుగా ఉన్నా, చెయ్యి చల్లబడినా, అక్కడ పచ్చబొట్టు ఉన్నా లెక్క తప్పుతుంది. ప్రాణం లేని వస్తువుకు కట్టినా కొన్ని వాచీలు గుండె వేగం చూపించిన సందర్భాలున్నాయి. తెర మీద అంకె కనిపించినంత మాత్రాన కొలత జరిగిందని అనుకోవడానికి లేదు.

గుండె వేగం విషయంలో మంచి వాచీలు నమ్మదగినవే. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి కట్టుకునే ఏడు పరికరాలను పరీక్షించగా, ఆరింటిలో గుండె వేగపు తప్పు 5 శాతం లోపే ఉంది. ఖర్చయిన కేలరీల లెక్క మాత్రం వాటన్నిటిలోనూ దారి తప్పింది. అన్నిటికంటే మెరుగైన పరికరంలోనే సగటున 27 శాతం తప్పు వచ్చింది, అధ్వానమైనదానిలో 93 శాతం. కాబట్టి వాచీ చూపిన కేలరీలను నమ్మి భోజనం ఎంత తినాలో నిర్ణయించుకోవడం సరికాదు. రోజుకు పది వేల అడుగులన్న లక్ష్యం కూడా వైద్య పరిశోధనలో పుట్టింది కాదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మిన మాన్పో-కే అనే అడుగుల లెక్క యంత్రంతో అది ప్రచారంలోకి వచ్చింది. నడక మంచిదే, పది వేల దగ్గర మాత్రం ప్రత్యేకమైన గీత ఏదీ లేదు.

కొన్ని వాచీల్లో ఈసీజీ ఉంటుంది. వాచీ వెనుక భాగం ఒక చేతిని తాకుతూ ఉండగా, రెండో చేతి వేలిని దాని పక్కనున్న మీట మీద అరనిమిషం ఉంచితే గుండె విద్యుత్ స్పందన నమోదవుతుంది. ఆపిల్ దీన్ని 2018లో అమెరికాలో పరిచయం చేసింది, మన దేశంలో 2019లో అందుబాటులోకి వచ్చింది. ఆస్పత్రిలో తీసే ఈసీజీ గుండెను 12 కోణాల నుంచి చూస్తే, వాచీ ఒకే కోణం నుంచి చూస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ లోపాన్ని పసిగట్టడానికి అది చాలు. ఆ లోపం పక్షవాతానికి దారితీయగలదు కనుక ముందే తెలియడం విలువైన సంగతే. గుండెపోటును మాత్రం వాచీ గుర్తించలేదు. ఛాతీలో నొప్పి వస్తుంటే వాచీ తెర మీద అంతా బాగుందని కనిపించినా 108కి ఫోన్ చేయాల్సిందే.

వాచీ హెచ్చరిక బరువెంతో చెప్పే పెద్ద పరిశోధన ఒకటుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఆపిల్ సంస్థ కలిసి 4 లక్షల 19 వేల మందికి పైగా వాచీదారులను పరిశీలించాయి. 2019 నవంబరులో దాని ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడ్డాయి. గుండె లయ తప్పుతోందన్న హెచ్చరిక వచ్చింది వెయ్యి మందిలో సుమారు ఐదుగురికి. వారిలో ఛాతీకి అంటించే ఈసీజీ పట్టీని వాడి తిరిగి పంపిన 450 మందిని చూస్తే, 34 శాతం మందిలో లోపం నమోదైంది. ఈ లోపం వచ్చిపోతూ ఉండేది, పట్టీ అంటించింది హెచ్చరిక తర్వాత కొన్ని రోజులకు; కనుక మిగిలినవారికి వచ్చిన హెచ్చరికలన్నీ తప్పని అర్థం కాదు. వాచీ చెప్పింది విని డాక్టరు దగ్గరికి వెళ్లడం సబబు. వాచీ ఏమీ చెప్పలేదని వెళ్లకుండా ఉండడం ప్రమాదం.

రక్తపోటు, చక్కెర కొలతల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. రక్తపోటు చూపే శాంసంగ్ వాచీలను కూడా చేతికి కట్టే మామూలు బీపీ యంత్రంతో నాలుగు వారాలకోసారి సరిచూసుకోవాలని ఆ సంస్థే చెబుతుంది. ఏ యంత్రంతోనూ సరిచూడకుండా నేరుగా బీపీ అంకె చూపే చౌక వాచీని నమ్మి మాత్ర ఆపడం, పెంచడం చేయకూడదు. సూది గుచ్చకుండా రక్తంలో చక్కెర కొలుస్తామని చెప్పే వాచీలను, ఉంగరాలను వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి పరికరం దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని స్పష్టం చేసింది. మధుమేహంతో ఉన్నవారు ఎందరో ఉన్న మన ఇళ్లలో ఈ హెచ్చరిక అందరి చెవినా పడాలి. తప్పు అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక మన్నిక సంగతి. ఐపీ68 అని రాసి ఉంటే నీళ్లలో కొంతసేపు మునిగినా తట్టుకుంటుందని అర్థం. 5 ఏటీఎం అంటే 50 మీటర్ల లోతులో కదలకుండా ఉండే నీటి ఒత్తిడికి సమానం. ఈతకు అది సరిపోతుంది. ఈ పరీక్షలు చేసేది మామూలు నీటితో. వేడినీళ్ల స్నానం, ఆవిరి, సబ్బు నురగ లోపలి రబ్బరు సీళ్లను క్రమంగా బలహీనం చేస్తాయి. మన ఎండలూ పరీక్షే. ఆపిల్ వాచ్‌ను సున్నా నుంచి 35 డిగ్రీల ఉష్ణోగ్రత మధ్య వాడాలని తయారీదారు సూచిస్తుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నపు ఎండ ఆ హద్దును ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఎండలో నిలిపిన కారులో వాచీని వదిలేయడం, వేడెక్కిన వాచీకి వెంటనే ఛార్జింగ్ పెట్టడం బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తాయి. చెమట పట్టే కాలంలో బెల్టు కింద దద్దుర్లు రాకుండా రోజూ కడిగి ఆరబెట్టాలి. సిలికాన్ బెల్టు చవకైనదీ, కడగడానికి సులువైనదీ.

తెలుగు చదివేవారు దుకాణంలోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. వాచీని ఫోన్‌తో కలిపించి, ఒత్తులూ గుణింతాలూ ఉన్న ఒక తెలుగు మెసేజ్ పంపించుకుని చూడాలి. కొన్ని చౌక వాచీల్లో తెలుగు అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు వరుసకడతాయి. మరికొన్నింటిలో ఒత్తులు అక్షరం నుంచి విడిపోయి పక్కకు చేరతాయి. తెలుగులో వచ్చే మెసేజ్‌లు చదవడమే ముఖ్యమైన పని అయిన పెద్దవారికి అలాంటి వాచీ ఎందుకూ పనికిరాదు. ఖరీదైన పరికరాలకు కూడా తెలుగుతో చిక్కు వచ్చిన రోజులున్నాయి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ వాచ్‌కూ ఆ బెడద తగిలింది. కొద్దిరోజుల్లోనే సంస్థ అప్‌డేట్ పంపి సరిచేసింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అందడం ఎంత అవసరమో ఆ ఘటన చెబుతుంది. అప్‌డేట్ ఆగిపోయిన వాచీలో అలాంటి లోపం బయటపడితే సరిదిద్దేవారు ఉండరు.

సిమ్ ఉన్న వాచీ ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లినా పనిచేస్తుంది. మన దేశంలో జియో, ఎయిర్‌టెల్ 2018 నుంచి ఆపిల్ వాచ్‌కు ఈ సేవ ఇస్తున్నాయి. వాచీలో పెట్టేది ఈ-సిమ్, ఫోన్ నంబరే దానికీ వర్తిస్తుంది. ధర పెరుగుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. బయటికి వెళ్లేటప్పుడు ఫోన్ ఎప్పుడూ వెంటే ఉండేవారికి ఈ ఖర్చు దండగ. జీపీఎస్ విషయంలోనూ ఒక మెలిక ఉంది. ‘కనెక్టెడ్ జీపీఎస్’ అని రాసి ఉన్న వాచీలో సొంత జీపీఎస్ ఉండదు, ఫోన్‌లోనిదే వాడుకుంటుంది. ఫోన్ లేకుండా పరుగుకు వెళ్లేవారు సొంత జీపీఎస్ ఉన్నదే అడిగి తీసుకోవాలి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న బంధువుల చేత తెప్పించుకోవడం తెలుగు ఇళ్లలో మామూలే. ధర తగ్గవచ్చు గాని, వాచీ పనులు దేశాన్ని బట్టి మారుతాయి. మాసిమో అనే వైద్య పరికరాల సంస్థతో వచ్చిన పేటెంటు వివాదం వల్ల, 2024 జనవరి నుంచి అమెరికాలో అమ్మిన కొత్త ఆపిల్ వాచీల్లో రక్తపు ఆక్సిజన్ కొలత ఆగిపోయింది. 2025 ఆగస్టులో మార్చిన రూపంలో తిరిగి వచ్చింది. ఆ మధ్యకాలంలో అదే మోడల్‌ను మన దేశంలో కొన్నవారికి ఆ సదుపాయం ఎప్పటిలాగే అందింది. సిమ్ వాచీల్లో నెట్‌వర్క్ బ్యాండ్లు కూడా దేశానికో తీరుగా ఉండవచ్చు. కొన్ని సంస్థలు వారంటీని కొన్న దేశానికే పరిమితం చేస్తాయి. ఇక్కడ కొన్నా బిల్లు దాచుకోవాలి, దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. వారంటీలో మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

వాచీ సేకరించే వివరాలు తయారీ సంస్థ సర్వర్లకు చేరతాయి. నిద్ర, గుండె, నడిచిన దారి అన్నీ అందులో ఉంటాయి. వ్యాయామపు యాప్ స్ట్రావా ప్రచురించిన ప్రపంచ పటంలో సైనిక స్థావరాల్లో జవాన్లు పరుగెత్తిన దారులు వెలుగు గీతలుగా బయటపడిన సంగతి 2018 జనవరిలో కలకలం రేపింది. కంపెనీ మారినా వివరాలు చేతులు మారుతాయి. ఫిట్‌బిట్‌ను గూగుల్ 2021 జనవరిలో సొంతం చేసుకుంది. కంపెనీ మూతపడితే వాచీయే చిక్కుల్లో పడుతుంది. 2012లో కిక్‌స్టార్టర్‌లో కోటి డాలర్లకు పైగా సేకరించి పేరు తెచ్చుకున్న పెబుల్ సంస్థ 2016 డిసెంబరులో మూతపడింది. దాని సేవలు ఆగిపోయాక, అభిమానులు సొంతంగా రెబుల్ అనే వ్యవస్థను నిలబెట్టి ఆ వాచీలను నడుపుకున్నారు. అంతటి అభిమానులు ప్రతి బ్రాండుకూ దొరకరు. కాబట్టి పేరు ఎన్నడూ వినని బ్రాండు కొనేముందు, దాని యాప్ ఎంతకాలంగా ఉందో, ఏయే అనుమతులు అడుగుతుందో చూడాలి. అడుగులు లెక్కపెట్టే యాప్‌కు ఫోన్‌లోని ఫొటోలతో పనేమిటన్న ప్రశ్న న్యాయమైనది.

చేతికి వాచీ ఉన్నవారి ముందున్నది వేరే ప్రశ్న: మార్చాలా వద్దా? ఏడాదికోసారి వచ్చే కొత్త మోడల్‌లో తెర కాస్త వెలుగు పెరగడం, చిప్ కాస్త వేగం కావడం మామూలు. ఆ తేడా వాడుకలో తెలిసేది తక్కువ. పైగా కొత్త మోడల్‌తో ప్రకటించిన సదుపాయం పాతదానికీ అప్‌డేట్‌గా రావచ్చు. నిద్రలో ఊపిరి ఆగే లక్షణాలపై హెచ్చరికను ఆపిల్ 2024లో సిరీస్ 10తో ప్రకటించినా, 2023 నాటి సిరీస్ 9కీ ఇచ్చింది. 2025లో వచ్చిన అధిక రక్తపోటు సూచన కూడా సిరీస్ 9 దాకా వెనక్కి వెళ్లింది. కాబట్టి కొత్తది చూసి మనసుపడ్డవారు ముందు తమ వాచీకి ఏ అప్‌డేట్ వచ్చిందో చూసుకుంటే మంచిది.

మార్చడానికి గట్టి కారణాలు కొన్నే. ఉదయం నిండా ఛార్జ్ చేసినా సాయంత్రానికి ఆరిపోతుంటే బ్యాటరీ వయసు మీరినట్టు. అప్పుడైనా ముందు అడగాల్సింది బ్యాటరీ మార్పిడి గురించి. ఆపిల్ సర్వీస్ కేంద్రాల్లో సామర్థ్యం 80 శాతం కంటే తగ్గిన బ్యాటరీని మార్చి ఇస్తారు; కొత్త వాచీ ధరతో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ. చౌక వాచీలకు ఈ అవకాశం దాదాపు లేనట్టే. అందుకే రెండేళ్లకోసారి పారేసే చౌక వాచీల మొత్తం ధరను, ఐదేళ్లు నడిచే ఒక మంచి వాచీ ధరతో పోల్చి చూసుకోవాలి. ఫోన్ రకం మారడం రెండో కారణం. గుండె లయ గురించి డాక్టరు కనిపెట్టుకొని ఉండమన్నప్పుడు, ఉన్న వాచీలో ఈసీజీ లేకపోవడం మూడోది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోవడం నాలుగోది.

అప్‌డేట్ల లెక్క వాచీ విడుదలైన రోజు నుంచి మొదలవుతుంది, కొన్న రోజు నుంచి కాదు. ఆపిల్ సిరీస్ 3 వాచీ 2017 సెప్టెంబరులో వచ్చి, 2022 సెప్టెంబరు దాకా అమ్మకంలో ఉంది. అదే నెలలో విడుదలైన వాచ్‌ఓఎస్ 9 దానికి అందలేదు. ఆ వేసవిలో డిస్కౌంటు చూసి కొన్నవారికి కొత్త వాచీ చేతికి వచ్చింది గాని, దాని సాఫ్ట్‌వేర్ అప్పటికే చివరి మజిలీలో ఉంది. 2024లో వచ్చిన వాచ్‌ఓఎస్ 11 కూడా 2018 నాటి సిరీస్ 4ను, 2020 నాటి మొదటి ఎస్‌ఈని ఒకేసారి వదిలేసింది. ఒకదానికి ఆరేళ్లు, మరొకదానికి నాలుగే. దసరా, దీపావళి ఆఫర్లలో పాత మోడల్ ధర బాగా తగ్గినప్పుడు, అది ఏ సంవత్సరం విడుదలైందో చూసి, మిగిలిన ఏళ్లతో ధరను భాగిస్తే అసలు బేరం తేలుతుంది. ఆపిల్ కొత్త వాచీలు సాధారణంగా సెప్టెంబరులో, శాంసంగ్‌వి జూలై, ఆగస్టులలో వస్తాయి. అంతకు ముందు నెలలో పూర్తి ధర పెట్టి కొనడం కంటే ఆగడం మేలు.

కొత్తది కొన్నాక పాతదాన్ని ఇంకొకరికి ఇచ్చేముందు ఫోన్ నుంచి విడదీసి, అందులోని వివరాలన్నీ చెరిపేయాలి. ఆపిల్ వాచీని అలా విడదీయకుండా ఇస్తే తాళం పడి ఉంటుంది, తీసుకున్నవారు దాన్ని వాడుకోలేరు. వాడకానికి రాని వాచీని చెత్తబుట్టలో వేయకూడదు. లోపలి లిథియం బ్యాటరీ నలిగితే మంటలు రావచ్చు. ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం పాత పరికరాలు నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు చేరేలా చూసే బాధ్యత తయారీదారులది. బ్రాండు షోరూములోనో సర్వీస్ సెంటర్‌లోనో అడిగితే, పాత వాచీని ఎక్కడ ఇవ్వాలో చెబుతారు.